టీఎఫ్‌టూహెచ్ ట్రాన్స్‌క్రిప్షన్‌లోనూ ఉంది, డీఎన్ఏ మరమ్మతులోనూ ఉంది: ఎందుకు?

హరిణి_బయోకెమ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఒక అనుమానం కొన్నాళ్లుగా వదలడం లేదు.

ట్రాన్స్‌క్రిప్షన్ (జన్యువును చదివి ఆర్ఎన్ఏ తయారుచేయడం) పాఠంలో, ఆ చదివే ఎంజైమ్ ఆర్ఎన్ఏ పాలిమరేజ్-2తో పాటు ప్రమోటర్ (చదవడం మొదలయ్యే చోటు) దగ్గర చేరే ప్రోటీన్లలో టీఎఫ్‌టూహెచ్ ఒకటని చదివాను. అక్కడ డీఎన్ఏ పోగులు విడిపోయేలా చేసి, పాలిమరేజ్ తోకకు ఫాస్ఫేట్లు తగిలించి పని మొదలుపెట్టిస్తుందట. బాగానే ఉంది. తర్వాత డీఎన్ఏ మరమ్మతు పాఠానికొస్తే, దెబ్బతిన్న ముక్కను కోసి తీసే న్యూక్లియోటైడ్ ఎక్సిజన్ రిపేర్‌లో మళ్లీ అదే పేరు కనిపించింది. ఇవి పేరు కలిసిన రెండు వేర్వేరు ప్రోటీన్లా, లేక ఒకటేనా? ఒకటే అయితే ఇంత దూరపు పనులు రెండూ దానికే ఎందుకు వచ్చాయి?

ఇలాంటిదే ఇంకో సందేహం. పీ53 అనే ప్రోటీన్‌ను జన్యుపదార్థానికి కాపలాదారు అంటారు. కానీ అది తానుగా ఒక్క క్షారాన్ని (డీఎన్ఏ అక్షరాన్ని) కోసి తీసినట్టుగానీ, ఒక్క తెగిన పోగును అతికినట్టుగానీ నాకు ఎక్కడా కనిపించలేదు. మరి మరమ్మతు గురించి మాట్లాడిన ప్రతిచోటా దాని పేరు ఎందుకు వస్తుంది?

పరీక్షలో రాయాల్సిన జవాబు నాకు తెలుసు. దాని వెనక కారణం తెలుసుకోవాలనుంది.

పోగుల_జత

రెండుచోట్లా ఉన్నది ఒకటేనండీ. పది ప్రోటీన్లు కలిసిన సముదాయం అది. అందులో ఎక్స్‌పీబీ, ఎక్స్‌పీడీ అనే రెండూ కణపు ఇంధనమైన ఏటీపీని ఖర్చుచేసి డీఎన్ఏ మీద పనిచేస్తాయి. సీడీకే7, సైక్లిన్-హెచ్, మాట్1 అనే మూడూ ఒక జట్టు. పాలిమరేజ్ తోకకు ఫాస్ఫేట్ తగిలించేది ఆ జట్టే. కారణం సంగతి 'నీలిదీపం' గారు వస్తే బాగా చెబుతారు, వారి పని అంతా దీనిమీదే.

నీలిదీపం

హరిణి గారూ, మంచి ప్రశ్న అడిగారు. నా పీహెచ్‌డీ అంతా అతినీలలోహిత దీపం కింద పెట్టిన చర్మ కణాలతో గడిచింది కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను, ఏమనుకోకండి.

ముందు ఈ సంగతి బయటపడిన తీరు. 1993లో స్ట్రాస్‌బోర్గ్‌లో ఎగ్లీ గారి బృందం ట్రాన్స్‌క్రిప్షన్‌కు కావాల్సిన ఒక ప్రోటీన్ సముదాయాన్ని శుద్ధి చేసి, అందులో పెద్ద ముక్క అమైనో ఆమ్లాల వరుస చూసింది. ఆ వరుస కొత్తదేమీ కాదు. రోటర్‌డామ్‌లో హోయిమేకర్స్ గారి బృందం జిరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే జబ్బు మీద పనిచేస్తూ అప్పటికే పట్టుకున్న మరమ్మతు జన్యువుదే అది. ఒకరు జన్యువు ఎలా చదవబడుతుందో వెతుకుతున్నారు, ఇంకొకరు ఎండ తగిలితే చర్మం పాడయ్యే పిల్లల్లో ఏ లోపముందో వెతుకుతున్నారు. ఇద్దరి చేతికీ దొరికింది ఒకే ప్రోటీన్: ఎక్స్‌పీబీ.

ఇక కారణం. జన్యువును చదవాలన్నా, దెబ్బతిన్న చోటును కోసి తీయాలన్నా, కణానికి మొదట ఎదురయ్యే చిక్కు ఒకటే. రెండు పోగులూ మెలిపడి మూసుకుని ఉన్నాయి, వాటిని కొద్దిమేర విప్పాలి. ప్రమోటర్ దగ్గర ఎక్స్‌పీబీ డీఎన్ఏను పాలిమరేజ్ లోపలికి తోస్తుంది. ఆ మెలి ఒత్తిడికి పోగులు విడిపోతాయి. మరమ్మతులో అయితే దెబ్బ చుట్టూ పాతిక ముప్పై క్షారాల మేర బుడగలా తెరుచుకుంటుంది. ఎక్స్‌పీడీ ఒక పోగు వెంట నడుచుకుంటూ వెళ్లి, క్షారం వికారమైన చోట ఆగిపోతుంది. ఆ ఆగడమే 'ఇక్కడ నిజంగా దెబ్బ ఉంది' అనడానికి రుజువు. తర్వాత దెబ్బకు అటొక కత్తి, ఇటొక కత్తి పడతాయి: ఒకవైపు ఎక్స్‌పీజీ, రెండోవైపు ఎక్స్‌పీఎఫ్-ఈఆర్‌సీసీ1. సుమారు 24 నుంచి 32 న్యూక్లియోటైడ్ల ముక్క ఊడి వస్తుంది. ఖాళీని డీఎన్ఏ పాలిమరేజ్ పూరిస్తుంది, లైగేజ్ అనే ఎంజైమ్ అతుకుతుంది.

ఇందులో నాకు ఎప్పటికీ విసుగు పుట్టని విషయం ఒకటుంది. మరమ్మతు చోటికి వచ్చాక ఆ సీడీకే7 జట్టు సముదాయం నుంచి విడిపోతుంది. ఎక్స్‌పీఏ అనే ప్రోటీన్ వచ్చి దాన్ని వదిలిస్తుంది. చదివించే పనికి కావాల్సిన భాగం పక్కకు తప్పుకుంటే, విప్పే భాగం మిగిలి మరమ్మతు చేస్తుంది. పని అయ్యాక మళ్లీ కలుస్తాయి. కాబట్టి సముదాయం ఒకటే అయినా, ఏ పని మీద ఉన్నదనేది దానికి అప్పుడు ఎవరు అంటుకుని ఉన్నారన్న దాన్ని బట్టి తేలుతుంది.

రెండు పనులూ దూరమని మీరన్నారు. అవి ఒకే చోట కలిసే సందర్భం కూడా ఉంది. పాలిమరేజ్ జన్యువును చదువుకుంటూ పోతుండగా అతినీలలోహిత కిరణాల వల్ల ఒకదానికొకటి అతుక్కుపోయిన థైమీన్ల జంట ఎదురైతే, ఇరుకు సందులో బండి ఆగిపోయినట్టు అక్కడే ఆగిపోతుంది. ముందుకు పోలేదు, పైగా దెబ్బను కప్పేసి మిగతా ప్రోటీన్లకు దారివ్వదు. అప్పుడు సీఎస్‌బీ అనే ప్రోటీన్ వచ్చి ఆ ఆగిన పాలిమరేజ్‌ను పట్టుకుంటుంది, సీఎస్ఏ తోడవుతుంది, చివరకు టీఎఫ్‌టూహెచ్‌ను పిలుస్తారు. అందుకే చదవబడుతున్న జన్యువుల్లో, అందులోనూ చదివే పోగు మీద, మరమ్మతు తొందరగా జరుగుతుంది. హానవాల్ట్ గారి బృందం 1980లలో దీన్ని కొలిచి చూపించింది. జన్యువును చదవడమే దెబ్బను వెతకడం కూడా అయింది ఇక్కడ.

మా ల్యాబ్‌లో దీన్ని కంటితో చూసేవాళ్లం. కణాలున్న పళ్లెం మూత తీసి, పైన ఉన్న ద్రవాన్ని పూర్తిగా తీసేసి (అది ఉంటే కిరణాలను పీల్చేసుకుంటుంది), 254 నానోమీటర్ల దీపం కింద కొద్ది సెకన్లు ఉంచుతాం. తర్వాత కొత్తగా తయారయ్యే ఆర్ఎన్ఏలో కలిసిపోయే యూరిడిన్ లాంటి పదార్థం ఇచ్చి, దానికి రంగు పట్టిస్తాం. కిరణాలు తగలని కణాల కేంద్రకాలు ఆకుపచ్చగా మెరుస్తుంటాయి. తగిలిన కాసేపటికి ఆ మెరుపు మసకబారుతుంది, ఎక్కడికక్కడ చదువు ఆగిపోయిందన్నమాట. ఆరోగ్యవంతుల కణాల్లో మర్నాటికి మెరుపు తిరిగి వస్తుంది. సీఎస్‌బీ లోపించి కాకేన్ సిండ్రోమ్ అనే జబ్బు వచ్చినవాళ్ల కణాల్లో రాదు. మొదటిసారి ఆ రెండు పళ్లేలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఆ జబ్బు ఉన్న పిల్లల్లో ఎదుగుదల ఎందుకు ఆగిపోతుందో నాకు ఒక్కసారిగా అర్థమైనట్టనిపించింది. దెబ్బ మిగిలిపోవడం ఒక బాధ, ఆ దెబ్బ దగ్గర ఇరుక్కున్న పాలిమరేజ్ కదలకపోవడం ఇంకో బాధ.

పీ53 సంగతి రాత్రికి రాస్తాను.

హరిణి_బయోకెమ్

చాలా థాంక్స్ అండీ. చదువుతుంటే ఇంకో ప్రశ్న వచ్చింది. ట్రాన్స్‌క్రిప్షన్ లేకపోతే కణం బతకదు కదా. మరి టీఎఫ్‌టూహెచ్‌లో మ్యుటేషన్ ఉన్నవాళ్లు పుట్టడమే కుదరకూడదు. వాళ్లు ఎలా బతుకుతున్నారు?

నీలిదీపం

సరిగ్గా అడగాల్సిందే అడిగారు. జవాబు ఎక్స్‌పీడీలో ఉంది. మరమ్మతులో ఎక్స్‌పీడీ పోగులను విప్పే శక్తి తప్పనిసరి. ట్రాన్స్‌క్రిప్షన్‌కు మాత్రం ఆ శక్తితో పనిలేదు. అది తన చోట కూర్చుని సముదాయాన్ని నిలబెడితే చాలు. కాబట్టి విప్పే శక్తిని మాత్రమే పోగొట్టే మ్యుటేషన్ వస్తే మరమ్మతు దెబ్బతింటుంది, చదవడం సాగిపోతుంది. అదే జిరోడెర్మా పిగ్మెంటోసమ్. ఎండ తగిలిన చర్మంలో దెబ్బలు పోగుపడతాయి. ఇరవై ఏళ్లలోపు వాళ్లలో మెలనోమా కాని చర్మ కాన్సర్ల ముప్పు మామూలు వాళ్లకంటే సుమారు 10,000 రెట్లు ఎక్కువ.

అదే ఎక్స్‌పీడీ జన్యువులో ఇంకోచోట మ్యుటేషన్ వస్తే ప్రోటీన్ సముదాయమే నిలకడ తప్పుతుంది, కణంలో టీఎఫ్‌టూహెచ్ మొత్తం తగ్గిపోతుంది. అప్పుడు వచ్చేది ట్రైకోథయోడిస్ట్రోఫీ. వెంట్రుకల్లో గంధకం తక్కువై పుటుక్కున విరిగిపోతాయి, చర్మం పొలుసులు కడుతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది. ఎండకు తట్టుకోలేనివాళ్లు వీళ్లలోనూ ఉన్నారు, కానీ చర్మ కాన్సర్లు మాత్రం అలా పెరగవు. వెంట్రుక కణాలే ఎందుకు బలవుతాయంటే, అవి పరిణతి చెందే చివరి దశలో గంధకం ఎక్కువున్న ప్రోటీన్లను పెద్ద ఎత్తున తయారుచేయాలి. ఉన్న కాస్త టీఎఫ్‌టూహెచ్ అప్పటికి అరిగిపోయి ఉంటుంది.

ఈ జబ్బు ఉన్న కొందరు పిల్లల్లో జ్వరం వచ్చినప్పుడల్లా జుట్టు ఊడిపోయేది. వాళ్ల కణాలను పరిశీలిస్తే, ఎక్స్‌పీడీలోని మ్యుటేషన్ వల్ల సముదాయం వేడికి నిలవలేకపోతోందని 2001లో తేలింది. ఒంటి వేడి రెండు మూడు డిగ్రీలు పెరిగితే చాలు, చదవడమూ మరమ్మతూ రెండూ తగ్గిపోతాయి. నియంత్రణ వేరు, మరమ్మతు వేరు అని గీత గీసుకుని కూర్చుంటే ఈ పిల్లల జబ్బు ఎన్నటికీ అర్థం కాదు. ఈ మాట నేను తరగతిలో పదే పదే చెబుతాను.

ఇక పీ53. మీరు గమనించింది నిజం, దాని అసలు పని కోయడమూ అతకడమూ కాదు. అది డీఎన్ఏ మీద కొన్ని వరుసలను గుర్తుపట్టి, నాలుగు నాలుగుగా జతకట్టి కూర్చుని, పక్కనున్న జన్యువులను చదివించే ప్రోటీన్. కాన్సర్లలో దాని మీద పడే మ్యుటేషన్లు ఎక్కడున్నాయో చూడండి, ఎక్కువ భాగం డీఎన్ఏను పట్టుకునే ప్రాంతంలోనే ఉంటాయి. 248, 273 స్థానాల్లోని ఆర్జినిన్లు నేరుగా డీఎన్ఏను తాకేవి. కణితుల్లో తరచుగా మారిపోయి కనిపించేవాటిలో అవీ ఉన్నాయి. పట్టు పోతే పని పోయినట్టే.

మామూలు రోజుల్లో పీ53 తయారైన కాసేపటికే నాశనమవుతుంది. సగం ఆయుష్షు సుమారు 20 నిమిషాలు. ఎండీఎం2 అనే ప్రోటీన్ దానికి యుబిక్విటిన్ అనే నాశనం గుర్తు తగిలించి పంపేస్తుంది. డీఎన్ఏ రెండు పోగులూ తెగాయనుకోండి, ఏటీఎం అనే కైనేజ్ మేల్కొని అటు పీ53కీ ఇటు ఎండీఎం2కీ ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. వాటి మధ్య పట్టు సడలి పీ53 పోగవుతుంది. అది చదివించే జన్యువుల్లో పీ21 కణ విభజనను నిలుపుతుంది. డీడీబీ2, ఎక్స్‌పీసీ అనేవి అతినీలలోహిత దెబ్బలను మొదట కనిపెట్టే ప్రోటీన్లు; వాటి తయారీని కూడా పీ53 పెంచుతుంది. అంటే మరమ్మతుకు కావాల్సిన సమయాన్నీ పనివాళ్లనీ సమకూరుస్తుంది. ఎలుకల కణాల్లో డీడీబీ2 మీద పీ53కి ఇలాంటి అధికారం లేదు. ఎలుక కణాలు థైమీన్ జంటలను జన్యుపదార్థం మొత్తం మీద బాగుచేయడంలో బాగా వెనకబడి ఉండటానికి అదో కారణం. ఎలుకలో చూసిన దాన్ని మనిషికి అప్పగించేటప్పుడు నేను జాగ్రత్తపడే చోటు ఇది.

పీ53 చదివించే జన్యువుల్లో ఎండీఎం2 కూడా ఒకటి! తనను చంపేదాన్ని తానే పుట్టిస్తుంది. అందుకే దెబ్బ తగిలిన కణాల్లో పీ53 ఒకేసారి పెరిగి ఉండిపోకుండా అలలుగా వస్తుంది. ఒక రకం రొమ్ము కాన్సర్ కణాల్లో సుమారు ఐదున్నర గంటలకో అల. ప్రతి అల తర్వాత దెబ్బ ఇంకా మిగిలి ఉందా అని కొత్తగా చూసుకునే వీలు కణానికి దొరుకుతుంది.

పోగుల_జత

బాక్టీరియా సంగతి నేను కలుపుతాను, అక్కడ ఈ లెక్క ఇంకా తేటగా ఉంటుంది. ఈ. కోలైలో లెక్స్ఏ అనే ప్రోటీన్ సుమారు నలభై జన్యువుల మీద కూర్చుని వాటిని అణచి ఉంచుతుంది. డీఎన్ఏ దెబ్బతిని ఒంటి పోగు బయటపడితే రెక్ఏ దాని పొడవునా అల్లుకుంటుంది. అలా అల్లుకున్న రెక్ఏ తగలగానే లెక్స్ఏ తనను తానే కోసుకుంటుంది, అణచి ఉన్న జన్యువులు లేస్తాయి. మొదట జాగ్రత్తగా బాగుచేసే యూవీఆర్ ప్రోటీన్లు, బాగా ఆలస్యంగా తప్పులు చేసైనా సరే ముందుకు దూకే డీఎన్ఏ పాలిమరేజ్ లేస్తాయి. రెక్ఏ ఇక్కడ మరమ్మతు పనిమంతురాలు, సమాచారం మోసేది కూడా.

నీలిదీపం

నాకు ఇంకా ఇష్టమైనది ఏడా ప్రోటీన్. 1977లో లియోనా శామ్సన్, జాన్ కెయిర్న్స్ ఈ. కోలైకి మిథైల్ తగిలించే రసాయనాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేశారు; తర్వాత పెద్ద మోతాదు ఇచ్చినా అవి తట్టుకున్నాయి. ఏడా ప్రోటీన్ డీఎన్ఏ మీది మిథైల్ గుంపును తనలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లం మీదికి లాక్కుంటుంది. అలా లాక్కున్న మిథైల్ ఇక వదలదు, ఆ చోటు మళ్లీ పనికిరాదు. కానీ దాని మొదటి భాగంలోని సిస్టీన్ మిథైల్ పట్టుకున్నప్పుడు ప్రోటీన్ స్వభావం మారి, అదే ఏడా జన్యువు ముందు కూర్చుని మరిన్ని ఏడాలను తయారుచేయిస్తుంది. బాగుచేసిన ఆనవాలే స్విచ్చు అయింది. హరిణి గారూ, మీ ప్రశ్నకు ఒక్క ప్రోటీన్‌తో జవాబు చెప్పమంటే నేను దీన్నే చెబుతాను.

వార్డు_డాక్టర్

నేను కాన్సర్ వైద్యంలో ఉన్నాను. ఏడా మాట వచ్చింది కాబట్టి దాని బంధువు గురించి చెప్పకుండా ఉండలేను. మనుషుల్లో ఎంజీఎంటీ అనే ప్రోటీన్ గ్వానీన్ ఆరో స్థానంలోని ఆక్సిజన్ మీద అంటుకున్న మిథైల్‌ను ఇలాగే తీసేసి తాను నాశనమవుతుంది. ఒక్క దెబ్బకు ఒక్క ప్రోటీన్ ఖర్చు. మెదడు కణితుల్లో తీవ్రమైన గ్లయోబ్లాస్టోమాకు మేం ఇచ్చే టెమోజోలోమైడ్ మందు చేసేది సరిగ్గా ఆ దెబ్బే. కణితిలో ఎంజీఎంటీ నిండుగా ఉంటే మందు చేసిన పనిని అది చెరిపేస్తుంది.

కొందరి కణితుల్లో ఎంజీఎంటీ జన్యువు ప్రమోటర్ మిథైల్ గుర్తులతో మూతపడి ఉంటుంది. జన్యువు చదవబడదు, ప్రోటీన్ ఉండదు, మందు పట్టుకుంటుంది. ఈ తేడా రోగుల ఆయుష్షులో కనిపిస్తుందని 2005లో తేలింది. అందుకే కణితి రిపోర్టు రాగానే నా కళ్లు మొదట ఎంజీఎంటీ మూతపడిందో లేదో చెప్పే పంక్తి కోసమే వెతుకుతాయి. జన్యు నియంత్రణ మరమ్మతును ఎలా శాసిస్తుందో నాకు నేర్పింది ఆ ఒక్క పంక్తే. మూతపడలేదని ఉన్నప్పుడు ఇంటివాళ్లకు చెప్పాల్సిన మాటలు బరువుగా ఉంటాయి.

హరిణి_బయోకెమ్

అందరికీ ఎన్ని థాంక్స్‌లు చెప్పినా తక్కువే. చివరగా ఒక్కటి అడుగుతాను. మీరు చెప్పినవన్నీ దెబ్బ తగిలిన తర్వాతి కథలు. ఏ దెబ్బా లేనప్పుడు కూడా మరమ్మతు ప్రోటీన్లు జన్యువులను నియంత్రిస్తాయా?

నీలిదీపం

నియంత్రిస్తాయి. రెండు చెబుతాను.

మొదటిది టీడీజీ. థైమీన్ తప్పుగా గ్వానీన్ ఎదుట చేరితే దాన్ని కోసి తీసే ఎంజైమ్ అది. సైటోసిన్ మీది మిథైల్ గుర్తును చెరిపి ఒక జన్యువును మేల్కొలపాలనుకున్నప్పుడు కణం దీన్నే వాడుకుంటుంది. టెట్ ఎంజైములు ఆ మిథైల్‌ను మెట్లు మెట్లుగా ఆక్సీకరణం చేస్తాయి, చివరి రూపాలను టీడీజీ దెబ్బతిన్న క్షారాన్ని తీసినట్టే కోసి తీస్తుంది, ఖాళీలో మామూలు సైటోసిన్ చేరుతుంది. టీడీజీలా క్షారాలను కోసి తీసే గ్లైకోసిలేజ్ ఎంజైముల్లో చాలావి లేకపోయినా ఎలుకలు పుట్టి పెరుగుతాయి. టీడీజీ లేకపోతే పిండం దశలోనే చనిపోతాయి. పిండం ఎదుగుదలకు కావాల్సిన జన్యువులను సరిగ్గా తెరిచి ఉంచడంలో దానికి అంత పాత్ర ఉంది.

రెండోది క్రిప్టోక్రోమ్. ఫోటోలయేజ్ అనే ఎంజైమ్ వెలుగు శక్తిని వాడుకుని థైమీన్ జంటను నేరుగా విడదీస్తుంది. బాక్టీరియాలో ఉంది, మొక్కల్లో ఉంది, చేపల్లో ఉంది. మనలో లేదు, మావి (ప్లాసెంటా) ఉన్న క్షీరదాలన్నీ దాన్ని పోగొట్టుకున్నాయి. కానీ అదే కుటుంబపు ప్రోటీన్లు సీఆర్‌వై1, సీఆర్‌వై2 మనలో మిగిలాయి. వాటికి డీఎన్ఏను బాగుచేసే శక్తి లేదు. క్లాక్, బీమాల్1 అనే ప్రోటీన్ల జంట చదివించే జన్యువులను అణచడం వాటి పని. మన ఒంట్లో రాత్రింబగళ్ల లయ నడిచేది ఆ అణచివేత మీదే. ఫోటోలయేజ్ మీద పనిచేసి 2015లో నోబెల్ పంచుకున్న అజీజ్ సంజార్ గారి బృందమే ఈ ప్రోటీన్ల మీదా పనిచేసింది. ఎక్స్‌పీఏ తయారీ రోజులో పెరుగుతూ తగ్గుతూ ఉంటుందనీ, ఆ హెచ్చుతగ్గులు ఈ గడియారం చేతిలోనే ఉన్నాయనీ వాళ్లు చూపించారు. ఎలుకల మీద అతినీలలోహిత కిరణాలను తెల్లవారుజామున 4 గంటలకు వేసినప్పుడు, సాయంత్రం 4 గంటలకు వేసిన వాటికంటే చర్మ కాన్సర్లు ఐదు రెట్లు ఎక్కువ వచ్చాయి. ఎలుకలది మనకు తలకిందుల దినచర్య కాబట్టి ఆ గంటలను ఉన్నదున్నట్టు మనకు అన్వయించుకోకండి.

చదవడం మొదలుపెడతానంటే టీడీజీతో మొదలుపెట్టండి, క్రిప్టోక్రోమ్ తర్వాత తేలిగ్గా అందుతుంది. చదువుతూ ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి, నేను చూస్తుంటాను.